అడ్డగీతకి అడ్డగీత

స్టాఫ్ రూము,
కిటికీ పక్క బల్ల

ఒరే చిన్నోడా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకోకు. ఫోన్లో నువ్వు "ఊఁ, చూద్దాంలే అక్కా" అని జారుకుంటావు. పైగా మీ పరీక్షల విభాగంలో లోపలికి అడుగు పెట్టగానే ఫోన్లు తీసుకుని అలమారలో పెట్టేస్తారు, సాయంత్రం ఇంటికి రాగానే మా మరదలు నిన్ను కూరగాయలకి తోలేస్తుంది. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి. రేపు "నేనలా అన్లేదే" అనడానికి ఉండదు.

స్పానిష్ సర్టిఫికెట్టు పరీక్ష ఫలితాలు వచ్చాయి. నా సాయంత్రం క్లాసులో సగం మంది పోయారు. విని అర్థం చేసుకోవడంలో పోలేదు. మాట్లాడడంలో పోలేదు. మూడో భాగంలో పోయారు. "కింది పదాలను పలికే తీరులో ముక్కలుగా విడదీసి, ఊనిక ఏ ముక్క మీద పడుతుందో గుర్తించండి" అన్నచోట. ఆ పదాలేమిటో మీ ఆఫీసువాడివి నీకు నేను చెప్పాలా? చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరుకున్న మాట: ఓతోర్రినోలారింగోలోగో. ఒక ఊపిరి చాలదు. గొడుగులు పెట్టుకునే స్టాండుకున్న మాట: పరాగ్వేరో. నా క్లాసుకొచ్చేది ఎవరనుకున్నావు? ఆస్పత్రిలో స్ట్రెచరు తోసేవాళ్లు, మందుల కొట్లో నిలబడేవాళ్లు, రిసెప్షన్లో టోకెన్లు ఇచ్చేవాళ్లు. స్పానిష్ తప్ప ఇంకోటి రాని రోగి వస్తే "నొప్పి ఎక్కడ?" అని అడగడం కోసం, పొద్దుటి నుంచి కాళ్లు పీకేలా పనిచేసి వచ్చి, నా ముందు కునికిపాట్లు పడుతూ నేర్చుకుంటున్నారు. ఆ రోగి వీళ్లని గొడుగు స్టాండు గురించి ఏనాడు అడుగుతాడురా?

మా ఆపరేటరమ్మ సంగతి చెప్తాను విను. ఆస్పత్రి టెలిఫోను బోర్డు దగ్గర కూర్చుంటుంది. ఈ సర్టిఫికెట్టు వస్తే భాషా సహాయకురాలి పోస్టులోకి మారుస్తామన్నారు. ఒక్క మార్కులో పోయింది. అత్లేతా అన్న మాట దగ్గర. ఆటగాడని అర్థం. ఆవిడ అ-త్లే-తా అని విడగొట్టింది. మీ జవాబుల పట్టీలో అత్-లే-తా అని ఉందట. సముద్రానికి ఒక ఒడ్డున ఉన్న స్పానిష్ వాళ్లు ఆ తకారపు పొల్లుని ముందు ముక్కకి అతికిస్తారు, రెండో ఒడ్డువాళ్లు వెనక ముక్కకి ఇస్తారు. రెండూ చెల్లుతాయని ఆ భాష పెద్దలే రాసి పెట్టారు. వాళ్లకి లేని పట్టింపు మీకెందుకు?

ఇంకొకామె కూడా ఉంది. ఆమెకి రెండు మార్కులు తక్కువ. ఒకటి ఇదే అత్లేతా. రెండోది గ్యోన్. ఆమె దాన్ని గి-ఓన్ అని రెండు ముక్కలు చేసి, చివరి అచ్చు నెత్తిన తలకట్టు పెట్టింది. (ఊనిక చూపించడానికి అచ్చు మీద పెట్టే గీతని మా క్లాసులో తలకట్టంటాం.) మీవాళ్లు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు.

ఇద్దరూ అప్పీలు పెట్టారు. వాళ్ల నంబర్లు నీకు రాయను. అది సిఫార్సు. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని చెయ్యను. నేనడిగేది న్యాయం, ఇద్దరికే కాదు, అందరికీ.

నీ అక్క


పరీక్షల విభాగం,
మూడో అంతస్తు

అక్కకి,

ఉత్తరం అందింది. విప్పకముందే నీదని తెలిసింది. కవరు మీద పిన్‌కోడు అంకెలు కూడా కోపంగా ఉన్నాయి.

ముందు ఒక మాట. ప్రశ్నపత్రం నేనొక్కణ్నే తయారుచెయ్యను. జవాబుల పట్టీ మీద చివరి సంతకం మా పెద్దాయనది. మేం ఆయన్ని "తుది జవాబు" అంటాం, వెనకాల. ఒక మాట అనేముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు, తుడిచి పెట్టుకున్నాక ఇంక ఎవరి మాటా వినడు. నేను అప్పీళ్ల కమిటీలో మూడోవాణ్ని, అంటే టీ చెప్పేవాణ్ని.

రెండోది. ముక్కలూ ఊనికా అనవసరపు చదువన్నట్టు రాశావు. నువ్వనాల్సిన మాట కాదు. రోగి ఫోను చేశాడనుకో. "తోమె" అని మొదటి ముక్క మీద ఊనితే "మందు వేసుకోండి" అని. అదే రెండో ముక్క మీద ఊనితే "వేసుకున్నాను" అని. రోగి "వేసుకున్నాను" అంటే మీ ఆపరేటరమ్మ "వేసుకో" అని విందనుకో, ఆయనకి ఇంకో డోసు పడిపోదూ? చెవికి ఊనిక తెలియకపోతే ప్రాణం మీదికొస్తుందని మేం పెట్టిన భాగం అది. కోడిగుడ్డుకి ఈకలు పీకడం కాదు.

ఇంకోటి కూడా చెప్పనీ. నీ విద్యార్థులు చేసే తప్పు మా విభాగంలో అందరికీ తెలుసు. తెలుగు చదువుకున్నవాళ్ల కాగితాన్ని పేరు చూడకుండానే పట్టేస్తాం. హాస్పిటల్‌ని స్పానిష్‌లో ఓస్-పి-తాల్ అని విడగొట్టాలి. మనవాళ్లు ఓ-స్పి-తాల్ అంటారు. ఎందుకంటే మన లిపిలో స కింద ప వత్తు పడుతుంది కనక, అదంతా ఒకే అక్షరం అనుకుంటారు. అ-త్లే-తా కూడా అలా వచ్చిందే. ఆవిడకి అవతలి ఒడ్డు సంగతి తెలిసి రాసింది కాదు. కాకతాళీయంగా ఒప్పయింది, అంతే.

ఇక గ్యోన్. అది తప్పే. అప్పీలు పెట్టినా తప్పే. వెనకటికి దాన్ని రెండు ముక్కలుగా లెక్కేసి తలకట్టు పెట్టేవాళ్లు. నియమం మార్చి పుష్కరం దాటింది. ఇప్పుడు రాతలో అది ఒకటే ముక్క. ఒకటే ముక్కయితే తలకట్టు ఉండదు. గ్యోన్ అంటే ఏమిటో నీకు తెలుసు కదా. అడ్డగీత. మాటల్ని విడగొట్టడానికి మధ్యలో పెట్టే గీత. పదాలన్నిట్నీ అడ్డగీత పెట్టి విడగొట్టమన్నాం, అడ్డగీతని మాత్రం విడగొట్టకూడదు. మా విభాగంలో అందరం ఆ ప్రశ్న చూసి ముచ్చటపడ్డాం.

మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. బావ మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు


మా ఇల్లు,
మీ బావ టీవీ చూస్తున్న గది

ఒరే,

మీ బావ మోకాలు బానే ఉంది. నా తలే బాలేదు.

ముచ్చటపడ్డారా? పరీక్ష రాసేవాడి మెడ మీద కత్తి పెట్టి, ఆ కత్తి పిడి మీద చెక్కిన బొమ్మ బాగుందని ముచ్చటపడ్డారన్నమాట. నువ్వు చెప్పిన తోమె, తోమే సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మరి అదే అడగొచ్చు కదా. వేసుకో, వేసుకున్నా. మింగు, మింగాను. వచ్చింది, వస్తాను. ఇలాంటివి పది అడుగు, నేను నోరు మూసుకుంటాను. మా వాళ్లలో చాలామంది పాసవుతారు కూడా. ఆ పాసవడమే మీకు కష్టం. పోస్టులు తక్కువున్నప్పుడు మనుషుల్ని తగ్గించాలి, తగ్గించడానికి గొడుగు స్టాండు కావాలి. దానికి మీరు పెట్టుకున్న పేరు "ప్రమాణం."

లిపి సంగతి నాకు చెప్తావా? తాతకి దగ్గులు నేర్పకు. ఇన్నేళ్లుగా నా క్లాసులో మొదటి నెలంతా అదే గొడవ. ఏం చేస్తానో తెలుసా? చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న గురువు, లఘువు గుర్తుచేస్తాను. "సంయుక్తాక్షరం ముందున్న అక్షరం ఎందుకు బరువెక్కుతుందర్రా?" అని అడుగుతాను. ఒకరూ చెప్పరు. రాసేటప్పుడు వత్తు కిందికి వెళ్లినా, పలికేటప్పుడు మొదటి హల్లు ముందు అక్షరం ఒళ్లో కూచుంటుంది కాబట్టి. ఓస్... పి... చేత్తో బల్ల మీద కొట్టి చూపిస్తాను. అప్పుడు మొహాలు వెలుగుతాయి.

అక్కడితో ఆగితే బాగుండును. ఆ మర్నాటి నుంచి ఊనిక కూడా గురువు మీదే పడుతుందనుకుని గురువు కనిపించిన చోటల్లా గుద్దడం మొదలుపెడతారు. ఇంగ్లేస్ అన్న మాటలో రెండూ గురువులే కదా, మొదటి గురువుకే దణ్నం పెట్టేద్దామని "ఇం" మీద ఊనుతారు. చివర ఊనితే ఇంగ్లీషు. ముందు ఊనితే గజ్జలు. తొడ మొదట్లో ఉండేవి, కాళ్లకి కట్టుకునేవి కాదు. మందుల కొట్టాయన మాక్ ఇంటర్వ్యూలో లేచి నిలబడి, "నాకు గజ్జలు బాగా వచ్చు, బళ్లోనే నేర్చుకున్నాను" అన్నాడు. ఆపరేటరమ్మ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. నేను నవ్వలేదు. నవ్వితే రేపు ఆయన నోరు విప్పడు. ఇదిరా నా పని.

ఇక నీ గ్యోన్. మీ ప్రశ్నలో ఏముంది? "పలికే తీరులో" అని ఉంది. "రాసే తీరులో" అని లేదు. నియమం మార్చినవాళ్లు రాత మార్చారు, నోళ్లు కాదు. ఇప్పటికీ దాన్ని గి-ఓన్ అని రెండుగా పలికేవాళ్లు కోట్లమంది. అలా పలకడం తప్పు కాదని ఆ నియమం రాసినవాళ్లే అన్నారు. మరి పలికే తీరు అడిగి రాసే తీరుకి మార్కు కోసేస్తారా? ఇది పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఆమె అప్పీల్లో ఇదే రాసింది. తలకట్టుకి కావాలంటే ఎర్ర సున్నా చుట్టుకోండి, ముక్కల మార్కు ఎందుకు కోస్తారు?

ఆమె సంగతి కాస్త మనసు పెట్టి చూడు. ఆపరేటరమ్మకి ఈసారి పోతే వచ్చేసారి ఉంది. ఈమెకి అలా కాదు.

నీ అక్క


పరీక్షల విభాగం

అక్కా,

"పలికే తీరులో" అన్నది పాయింటే. నాకు తట్టలేదు. తుది జవాబుకి తట్టినా ఒప్పుకోడు.

ఒక్క సంగతి అర్థం కాలేదు. ఆ ఇంకొకామె ఎవరు? వయసెంత? గ్యోన్ మీద తలకట్టు పెట్టడం ఎక్కడ నేర్చుకుంది?

తమ్ముడు


స్టాఫ్ రూము

చిన్నోడా,

ఎవరైతే నీకెందుకు? నంబరు లేకుండా చూడాల్సిన కాగితానికి వయసు దేనికి? అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇరవై రెండేళ్ల పిల్ల. సన్నగా ఉంటుంది. కళ్లజోడు. రక్తపరీక్షల గదిలో సూదులు అందిస్తుంది. చురుకైనదే గానీ కొంచెం మొండి. తలకట్టు నేనే నేర్పి ఉంటాను, పాత పుస్తకంలో చూసి. తప్పయితే నాది, మార్కు దానిది ఎందుకు కొయ్యాలి?

ఇక్కడ ఇంకో గొడవ. మా డైరెక్టరు పరీక్షకి ముందు నుంచీ నోటితో అంటున్న మాటని ఇప్పుడు కాగితం మీద పెట్టి నోటీసు బోర్డుకి అంటించాడు. వచ్చే టర్ము నుంచి మీ బోర్డు సర్టిఫికెట్టు లేని టీచర్లు క్లాసులు తీసుకోకూడదట. ఎప్పుడో మీ బోర్డు పుట్టకముందు నేర్చుకుని, ఇన్నేళ్లుగా పాఠం చెప్తున్నవాళ్లు కూడా. ఆయనకి స్పానిష్‌లో "నమస్కారం" రాదు. నోటీసులో సర్టిఫికెట్టు అన్న మాటకే స్పెల్లింగు తప్పు. ఇద్దరు ముగ్గురు టీచర్లు పాపం కంగారుపడుతున్నారు. నేను దాని కింద ఎర్ర పెన్నుతో స్పెల్లింగు దిద్దాను. అంతకన్నా ఏం చెయ్యను.

కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది? నువ్వు మాత్రం కూర్చో. నోరు తెరువు. టీలు చెప్పడానికి వేరే మనిషిని పెట్టుకోమను.

నీ అక్క


ఇల్లు,
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం ఆఫీసులో కూచుని రాయలేను, అందుకే ఇంట్లో రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ల పిల్ల స్పానిష్ నేర్చుకునే వేళకి గ్యోన్ మీద తలకట్టు ఎక్కడా లేదు. పుస్తకాల్లో లేదు, ఫోన్లో లేదు, టీవీ కింద పడే అక్షరాల్లో లేదు. నువ్వే పాత పుస్తకం చూసి నేర్పావనుకుందాం. నేర్పితే క్లాసంతా అలాగే రాయాలి. మీ కేంద్రం నుంచి వచ్చిన కాగితాల్లో అలా రాసినది ఒక్కటే. అంటే ఆ తలకట్టు నేర్పితే వచ్చింది కాదు. ఎప్పుడో చేతికి అలవాటై, మానుకోలేక వచ్చింది. అది యాభై దాటిన చెయ్యి.

ఇంకా ఉంది. ఆ కాగితంలోనే డాక్టరు మాట దగ్గర, ఓతోర్రినోలారింగోలోగో దగ్గర, జవాబు లేదు. దాని బదులు, స్పానిష్‌లో, విడివిడి అచ్చక్షరాలతో, "రోగికి దీనివల్ల ఏమిటి ఉపయోగం?" అని రాసుంది. ఆ కాగితం మా విభాగంలో బల్లబల్లకీ తిరిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవడో గానీ గట్టివాడే" అన్నాను. అప్పుడు నాకు తట్టలేదు.

ఆ మాట నువ్వు నిద్రలో విడగొట్టగలవు. చిన్నప్పుడు నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని, ఒక్కొక్క ముక్కకీ ఒక్కొక్క వేలు ముడిపించి నేర్పింది నువ్వే. అది రాసి ఉంటే ఒక మార్కు. దాని మీద అత్లేతా కలిస్తే చాలు, పాసయ్యేదానివి. ఈ గ్యోన్ గొడవే ఉండేది కాదు. ఉపన్యాసం కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావు అక్కా. ఎవరికి ఉపన్యాసం? జీతానికి కాగితాలు దిద్దే ఓ మనిషికి. ఆయన దాన్ని చదివి నవ్వి, టీ తాగాడు.

నాకు చెప్పకపోవడం న్యాయం కోసమంటావు. సిఫార్సు కాకూడదని అంటావు. నేను నమ్మను. ఫెయిలయ్యానని తమ్ముడికి చెప్పడానికి మొహం చెల్లలేదు. సూదులు అందించే పిల్లట. సన్నగా ఉంటుందట.

ఇప్పుడు నాకు తెలిసింది కాబట్టి కమిటీలో చెప్పక తప్పదు.

తమ్ముడు


స్టాఫ్ రూము

ఒరే,

చెప్పకు.

చెప్తే నిన్ను బయటికి పంపేస్తారు. పంపేస్తే లోపల "పలికే తీరు" గురించి మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? కళ్లద్దాలాయనా? నాకోసం మాట్లాడమనడం లేదు. ఆ కాగితం నాది కాకపోతే ఏం మాట్లాడతావో అదే మాట్లాడు. నిన్నమొన్నటిదాకా అది సూదుల పిల్ల కాగితమేగా. ఆ పిల్లకి న్యాయం చెయ్యి.

అవును, మొహం చెల్లలేదు. సంతోషమా? నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నలుగురు పాసై, ఫలితాల కాగితం పట్టుకుని స్వీట్లతో స్టాఫ్ రూముకి వచ్చారు. నేను ఆ స్వీటు నోట్లో పెట్టుకుని, అదే కాగితంలో కింద ఉన్న నా నంబరు వాళ్ల కళ్ల పడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆ సంగతి నీకు ఉత్తరంలో ఎలా రాయమంటావు, "చిన్నోడా, క్షేమం" అని మొదలుపెట్టి?

డాక్టరు మాట దగ్గర రాసింది మాత్రం వెనక్కి తీసుకోను. ఆ హాల్లో నా ముందు బెంచీలో స్ట్రెచరు తోసే కుర్రాడు కూచున్నాడు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి పెన్ను కింద పెట్టేశాడు. మళ్లీ తియ్యలేదు. దాని తర్వాత వాడికి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. చూస్తూ ఎలా ఊరుకోను?

సరే, ఊరుకోవాల్సింది. జవాబు రాసి, ఆ తర్వాత బయటికొచ్చి పోట్లాడాల్సింది. నువ్వన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను, పదేపదే అనకు.

నువ్వు మాత్రం చెప్పకు.

నీ అక్క


పరీక్షల విభాగం,
కారిడారులో బెంచీ

అక్కకి,

చెప్పాను.

నువ్వు తిడతావని తెలుసు, అందుకని ముందు మంచి సంగతి. అత్లేతా గెలిచింది. కూర్చోగానే "ఈ అప్పీళ్లలో ఒకటి మా అక్కది" అన్నాను. పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. అత్లేతా అందరికీ సంబంధించింది కాబట్టి దానికి ఉండమన్నాడు. ఉన్నాను. టీలు చెప్పలేదు. నువ్వు రాసిన రెండు ఒడ్ల మాట, ఆ భాష పెద్దల పుస్తకంలో పేజీ తీసి ముందు పెట్టాను. "మనం ఒక ఒడ్డుకే సర్టిఫికెట్టు ఇస్తున్నామని పైన రాద్దాం, లేదా రెండూ ఒప్పుకుందాం" అన్నాను. ఇంత పొడుగు వాక్యం ఆయన ఎదురుగా నేనెప్పుడూ అనలేదు. ఒప్పుకున్నాడు. రెండో రకంగా రాసినవాళ్లందరికీ మార్కు కలుపుతున్నారు, అప్పీలు పెట్టనివాళ్లకి కూడా. మీ ఆపరేటరమ్మ పాసైంది. ఇంకా చాలామంది.

గ్యోన్ వచ్చేసరికి నన్ను బయటికి వెళ్లమన్నారు. ఈ బెంచీ మీద కూచున్నాను. తలుపుకి అద్దం ఉంది, మాటలు వినపడవు. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకోవడం మాత్రం కనపడింది.

ఒప్పుకోలేదు అక్కా. ముక్కలకీ ఇవ్వలేదు, తలకట్టుకీ ఇవ్వలేదు. "పలికే తీరులో" అన్న మాట ఎవరైనా ఎత్తారా అని రెండో సభ్యురాల్ని అడిగాను. "అయ్యో, ఆ పాయింటు బావుందే, ఎవరికీ తోచలేదు" అంది. నీ అప్పీలులో రాసుంది కదా అన్నాను. అప్పీలు నాలుగు పేజీలుందట. మొదటి పేజీలో బోర్డుని తిట్టావట. అక్కడితో ఆపేశారట.

నేను లోపలుంటే ఆ మాట అనేవాణ్ని. లోపలుండి, చెప్పకుండా, ఆ మాట అని, నువ్వు పాసై ఉంటే, ఏదో ఒక రోజు నువ్వే నన్ను దులిపేసేదానివి. కాదని రాయి చూద్దాం.

ఒక మార్కు తక్కువ.

తమ్ముడు


క్లాసు,
వెనక బెంచీ

చిన్నోడా,

దులిపేసేదాన్నే. ఇప్పుడూ దులిపేస్తాను. బెంచీ మీద కూచుని అద్దంలోంచి చూడ్డానికా నిన్ను చదివించింది? తలుపు కొట్టి "ఒక్క మాట" అనలేవూ? నువ్వలా చేసి ఉంటే అంతకన్నా ఎక్కువ తిట్టేదాన్ని, అది వేరు. మొదటి పేజీ సంగతి నిజమే. మీ బావ కూడా అదే అన్నాడు. ఇకమీదట తిట్లు ఆఖరి పేజీలో పెట్టుకుంటాను.

చాలామందికి మార్కు కలిసింది. స్ట్రెచరు కుర్రాడికి చాల్లేదు. మందుల కొట్టాయన పాసయ్యాడు, కొట్లో గాజు పలక మీద మార్కుల కాగితం అంటించాడు. ఇది నువ్వు చేసిన పని. ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది గానీ ఒప్పుకుంటున్నాను.

డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. "మేడమ్, మీ అంత అనుభవం ఎవరికుంది, కానీ రూలు రూలు" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను ఆయన బల్ల మీద ఉన్న గొడుగు స్టాండు లాంటి పెన్ను స్టాండు వైపు చూస్తూ కూచున్నాను. సర్టిఫికెట్టు ఉండి, సాయంత్రం ఖాళీగా ఉండి, ఈ క్లాసు తీసుకోగల మనిషి ఎవరైనా ఉన్నారా అని నన్నే అడిగాడు. ఉన్నారన్నాను. ఎవరని అడిగాడు. ఆపరేటరమ్మ పేరు చెప్పాను.

ఆపరేటరమ్మ ఒప్పుకోలేదు. ఏడుపు మొహం పెట్టి నా దగ్గరికొచ్చింది. "టీచర్, పేరు నాది పెట్టుకోనివ్వండి, పాఠం మీరు చెప్పండి, నేను పక్కన నిలబడతాను" అంది. మంచి మనసుతోనే అంది. కానీ ఇలాంటి దొంగ ఏర్పాట్ల మీద జీవితమంతా పోట్లాడినదాన్ని, నాకు అవసరం వచ్చిందని పక్క గుమ్మంలోంచి దూరనా? కుదరదన్నాను. "మరి నేను తప్పు చెప్తే?" అంది. "చెప్తావు. నేనూ మొదట్లో చెప్పాను. ఎవరూ చచ్చిపోలేదు" అన్నాను.

పరీక్షకి మళ్లీ కట్టాను. కట్టినవాళ్లు క్లాసులో కూర్చోవచ్చని రూలుంది. రూలు రూలే కదా, కూర్చున్నాను. మొదటి రోజు ఇది. పక్కన స్ట్రెచరు కుర్రాడు. నన్ను చూసి లేచి నిలబడబోయాడు, మోచెయ్యి పట్టుకుని కూచోబెట్టాను.

ఆపరేటరమ్మ చీర కొంగు భుజం మీద పిన్ను పెట్టుకుని వచ్చింది. చాక్‌పీసు రెండుసార్లు జారిపోయింది. ఊనిక నియమం చెప్పింది. అచ్చుతో గానీ, నకారంతో గానీ, సకారంతో గానీ ముగిస్తే చివరి దాని ముందు ముక్క మీద, లేకపోతే చివరి ముక్క మీద, ఈ రెండూ కాకపోతే తలకట్టు. నేను చెప్పే వరసలో చెప్పలేదు. గురువు, లఘువు ఎత్తనే లేదు. ఫోను బోర్డు దగ్గర రోగులు పలికినట్టు పలికి వినిపించింది, ఒక మాట మీద ఒక మాట, ముసలావిడ గొంతుతో ఒకసారి, భయపడ్డ మొగాయన గొంతుతో ఒకసారి. నా పద్ధతి కాదు. నా పద్ధతే మేలు. కానీ ఎవరూ కునికిపాట్లు పడలేదు, అది నాకు మండింది.

అప్పుడు బోర్డు మీద ఒక మాట రాసి, ఊనిక ఎక్కడ అని అడిగింది. నేను చెయ్యెత్తాను. ఆవిడ నన్ను చూసింది. నా మొహంలోకి సూటిగా చూసి, "మీరు కాదండీ, ఇంకెవరైనా చెప్పండి" అంది.

ఆ మాట నాది. ఈ గదిలో, ఆ బోర్డు ముందు నిలబడి, ముందు బెంచీల్లో చెయ్యెత్తే ఇద్దరు ముగ్గుర్ని చూసి నేననే మాట. దాన్ని తీసుకెళ్లి నాకే విసిరింది. ఒళ్లు మండిపోయింది. పక్కన కుర్రాడు బోర్డు వంకే చూస్తూ పెదవులు కదిలిస్తున్నాడు. మళ్లీ కదిలించాడు. చివరికి బల్ల మీద వేలితో ఒకచోట తట్టాడు, చిన్నగా, తనకి తను. సరిగ్గా పడింది. గట్టిగా చెప్పరా అని నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ మాత్రం తొందరపెట్టకుండా అలాగే నిలబడింది. అంతసేపు నేనెప్పుడూ ఆగలేదు.

వాడు చెప్పాడు.

నేను మాత్రం చెయ్యి దించలేదు. ఆవిడ దించమనీ అనలేదు.

నీ అక్క